స్టేషన్ వదిలితే నేను ఎస్సైని కాకుండా పోతానా?

ఈ వారం ఉత్తరం నల్గొండ జిల్లాలో ఒక మండల స్టేషన్ చూస్తున్న ఎస్సై గారిది. పేరు, ఊరు వేయొద్దని కోరారు. గుర్తుపట్టే వివరాలు తీసేసి, ఆయన చెప్పిన సంగతులు ఇక్కడ పెడుతున్నాను.

ఆయనకు ముప్పై ఎనిమిదేళ్లు, సర్వీసు పదకొండేళ్లు. భార్య జిల్లా పరిషత్ హైస్కూల్లో టీచర్. ఇద్దరు పిల్లలు, పెద్దవాడు ఎనిమిదో తరగతి. తల్లి లేదు. తండ్రి దేవరకొండ వైపు సొంతూళ్లో ఒక్కడే ఉంటాడు. సీఐ ప్రమోషన్ ప్యానెల్లో వచ్చే ఏడాదికి పేరు రావచ్చని ఆశ.

పోయిన నెల ఒక రాత్రి స్టేషన్ వాట్సాప్ గ్రూపులో రెండు సర్క్యులర్లు వచ్చాయి. ఒకటి, హైదరాబాద్‌లో సైబర్ నేరాల దర్యాప్తు విభాగంలో మూడేళ్లు పనిచేయడానికి ఇష్టపడే ఎస్సైలు, సీఐలు పేర్లు ఇవ్వాలని. రెండోది, పోలీసు అకాడమీలో కొత్త చట్టాలు బోధించడానికి ఆసక్తి ఉన్నవాళ్లు కావాలని. గడువు పదిహేను రోజులు. ఆయన రెండూ సేవ్ చేసుకున్నారు, ఎవరికీ చెప్పలేదు. తర్వాత ఒక బ్యాచ్‌మేట్‌తో అంటే, "లూప్‌లైన్‌కు పోతానని ఎవడన్నా తానే దరఖాస్తు పెట్టుకుంటాడా?" అని నవ్వాడట. పట్టు, పలుకుబడి లేని పక్క పోస్టును మా డిపార్ట్‌మెంట్‌లో లూప్‌లైన్ అంటారు. సీఐ గారు "నీలాంటోడు పోతే ఈ మండలం ఎవరు చూస్తారు?" అన్నారట. తండ్రి "స్టేషన్ల కూసున్నన్ని దినాలే బిడ్డా నమస్తేలు" అన్నాడట. భార్య అన్నది మాత్రం ఆయనకు రాత్రుళ్లు గుర్తొస్తోందట: "నువ్వు హైదరాబాద్ పోతే మాకు దొరకవు. ఇక్కడున్నా దొరకవు. మాకు తేడా ఏముంది?"

ఇంత రాశాక చివర్లో ఇంకో సంగతి చెప్పారు. మొన్న చలికాలం ఒక తండా నుంచి ఓ పెద్దాయన వచ్చాడు. బోరు వేయించడానికి బ్యాంకులో పెట్టుకున్న లక్షా నలభై వేలు ఫోన్ మోసంలో పోయాయి. ఎస్సై గారు ఆ రోజు చెరువుగట్టు జాతర బందోబస్తులో ఉన్నారు. స్టేషన్లో వాళ్లు "సార్ వచ్చాక ఎల్లుండి రా" అని పంపేశారు. మూడో రోజు ఆయన మళ్లీ వస్తే, స్టేషన్లోని ఒక మహిళా కానిస్టేబుల్, బీటెక్ చదివిన అమ్మాయి, "సార్, మొదటి గంటలోనే 1930 సైబర్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఉంటే డబ్బు ఆగేది" అన్నదట. అదే అమ్మాయి అంతకు నెల ముందు ఆరు రోజుల సైబర్ శిక్షణకు పంపమని అడిగితే, జాతర ఉంది, మనుషులు లేరని తానే కుదరదన్నానని ఒక్క వాక్యంలో రాశారు. ఆ వెంటనే, "సార్, నేను స్టేషన్ వదిలితే పోలీసుగా మిగులుతానా? మీరైతే ఏం చేస్తారు?" అని ముగించారు.

ఎస్సై గారూ, మీ ఉత్తరం నాలుగు పేజీలు. దరఖాస్తు గురించి మూడున్నర పేజీలు, తండా పెద్దాయన గురించి పది లైన్లు, ఆ కానిస్టేబుల్ గురించి ఒక్క లైను. రెండోసారి కింది నుంచి పైకి చదివాకే నాకు మీ బాధ తెలిసింది. సర్క్యులర్ చూసి మీకు కోరిక పుట్టలేదు. ఆ పెద్దాయన ముఖం చూసినప్పుడే పుట్టింది. సర్క్యులర్ దానికి ఒక దారి చూపించింది, అంతే. ముందు ఈ సంగతి మీకు మీరు ఒప్పుకోండి. ఎందుకంటే కుర్చీ కోసం పోవడం వేరు, పని రాలేదన్న బాధతో నేర్చుకోవడానికి పోవడం వేరు. రెండో రకం మనిషి ఎక్కడ వేసినా నిలబడతాడు.

లూప్‌లైన్ అన్న మాట నాకు బాగా తెలుసు. నేను మహబూబ్‌నగర్ జిల్లాలో ఎస్సైగా చేరి డీఎస్పీగా రిటైరయ్యాను. మధ్యలో నన్ను ట్రైనింగ్‌కు వేశారు. ఆ ఆర్డరు చేతికొచ్చిన రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. నిన్నటిదాకా గేటు దగ్గర నిలబడ్డవాళ్లు ఫోన్ ఎత్తడం మానేశారు. మూడు నెలలు పెళ్లిళ్లకు కూడా పోలేదు. కానీ అక్కడ పిల్లలకు పాఠం చెప్పాలంటే ముందు నేను చదవాలి కదా. అలా రాత్రుళ్లు కూర్చుని చదివిన సాక్ష్య చట్టమే, తిరిగి స్టేషన్‌కు వచ్చాక సెషన్స్ కోర్టు సాక్షి బోనులో నన్ను తడబడకుండా నిలబెట్టింది. అంతకు ముందు డిఫెన్స్ లాయర్ లేచి నిలబడితే నాకు చెమటలు పట్టేవి. అయితే మీరూ అలాగే పోవాలని చెప్పడానికి ఇది రాయలేదు. నన్ను వేశారు, మీరు ఎంచుకోవచ్చు. ఎంచుకునే అవకాశం మా రోజుల్లో లేదు.

లూప్‌లైన్ అన్న మాట రైల్వే వాళ్లది. ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇవ్వడానికి ప్యాసింజర్ బండిని పక్కన నిలబెట్టే పట్టా అది. అందులో ఉన్న బండి ఎటూ పోదు. మన డిపార్ట్‌మెంట్‌లో నిజంగా అలాంటి పోస్టులు కొన్ని ఉన్నాయి, కాదనను. వీఆర్‌లో, అంటే పోస్టింగ్ లేకుండా ఖాళీగా, పెట్టి ఆరు నెలలు ఏ పనీ ఇవ్వకపోవడం లూప్‌లైన్. కానీ సైబర్ దర్యాప్తునూ, కొత్త చట్టాల బోధననూ ఇప్పుడు అదే మాటతో పిలవడం పాత అలవాటే తప్ప నిజం కాదు. కొత్త క్రిమినల్ చట్టాలు అమలైన 2024 జూలై 1 నుంచి మీ స్టేషన్లో పని ఎలా మారిందో నాకంటే మీకే తెలుసు. సోదా, స్వాధీనం వీడియో తీయాలి. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరమైతే ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి రావాలి. ఫోన్లో ఉన్న సాక్ష్యాన్ని కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద హాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే వేలిముద్ర లాంటి అంకె) సర్టిఫికెట్ ఇవ్వాలి, అందులో నిపుణుడు నింపే భాగం వేరే ఉంది. వేరే స్టేషన్ పరిధి అని చెప్పి ఫిర్యాదుదారును తిప్పి పంపలేరు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఫిర్యాదు వస్తే మూడు రోజుల్లో సంతకం తీసుకుని కేసు కట్టాలి. ఇవన్నీ స్టేషన్లో రాతపని చూసే రైటర్ మీద వదిలేసి మండలం మీద పట్టుతో నెట్టుకొచ్చే రోజులు పోతున్నాయి. రేపు మీరు సీఐ అయితే మూడు నాలుగు స్టేషన్ల సీడీ (కేస్ డైరీ) ఫైళ్లు మీరు చూడాలి. మీకు రానిది కింది ఎస్సైకి ఎలా దిద్దుతారు?

ఇక మీ ముందున్న దారులు. ఒక్కొక్కదానికీ ఏం దొరుకుతుందో, ఏం పోతుందో నాకు తోచినంత చెబుతాను.

సైబర్ విభాగానికి పోతే మూడేళ్లలో మీకు వచ్చే పని మీ బ్యాచ్‌లో కొద్దిమందికే వస్తుంది. మన రాష్ట్రంలో సైబర్ సెక్యూరిటీ బ్యూరో 2023లో పెట్టారు. డబ్బు ఒక ఖాతా నుంచి పది ఖాతాలకు ఎలా పాకుతుందో, బ్యాంకు నోడల్ అధికారితో ఏ భాషలో మాట్లాడితే కదులుతాడో, వేరే రాష్ట్రంలో ఖాతాదారుణ్ని పట్టుకున్నాక అతన్ని ఇక్కడికి తేవడానికి కోర్టు ఇచ్చే ట్రాన్సిట్ వారెంట్ దాకా ఏం చేయాలో చేతులతో చేస్తే తప్ప రాదు. పోయేది కూడా తక్కువ కాదు. హైదరాబాద్‌లో అద్దె ఉంది. నల్గొండ నుంచి రోజూ నూరు కిలోమీటర్లు పోయి వస్తానని మాత్రం అనుకోవద్దు. ఇంటివాళ్లకు ధైర్యం చెప్పడానికి అందరూ అదే అంటారు. సంక్రాంతికి ముందు చౌటుప్పల్ దగ్గర గంటసేపు ఇరుక్కున్న రోజే ఆ మాట మర్చిపోతారు. మీ భార్య టీచర్ కాబట్టి బదిలీ మీద ఆశ పెట్టుకోకండి. జిల్లా దాటడం ఎంత కష్టమో, ఉద్యోగులను కొత్త జిల్లాలకు పంచిన 317 జీవో తర్వాత టీచర్ల కుటుంబాలన్నిటికీ తెలుసు. అంటే మీరు ఒంటరిగా ఉంటారు, వారానికి ఒకసారి ఇంటికి వస్తారు. అయితే ఆ ఒక్క రోజు మీదే అవుతుంది. డయల్ 100 మోగదు. మీ భార్య అడిగిన తేడా బహుశా అక్కడే ఉంది. వారానికి ఏడు రోజులు పక్కనే ఉండి దొరకని నాన్న కావాలా, ఒక్క రోజు పూర్తిగా దొరికే నాన్న కావాలా అన్నది మీ పెద్దబ్బాయిని కూర్చోబెట్టి అడగండి. ఎనిమిదో తరగతి పిల్లవాడు జవాబు చెప్పగలడు.

అకాడమీ దారి నాకు ఇష్టమైనది, అందుకే జాగ్రత్తగా చెబుతాను. హిమాయత్‌సాగర్‌లో ఉన్న అకాడమీకి రాజా బహదూర్ వెంకట్రామరెడ్డి గారి పేరు పెట్టారు. వనపర్తి సంస్థానంలో పుట్టిన మా పాలమూరు మనిషి ఆయన. అమీన్‌గా, అంటే ఇప్పటి మీ హోదాలోనే, మొదలై 1920 నుంచి 1934 దాకా హైదరాబాద్ కొత్వాల్‌గా, అంటే నగర పోలీసు అధిపతిగా, చేశారు. పోలీసు పని చేస్తూనే 1918లో పల్లెల నుంచి వచ్చే పిల్లల చదువు కోసం రెడ్డి హాస్టల్ పెట్టారు. ఆ గేటు దాటినప్పుడల్లా నాకు అదే గుర్తొచ్చేది. అక్కడ పనివేళలు కుదురుగా ఉంటాయి. చదువుకునే తీరిక దొరుకుతుంది. మీరు చెప్పిన మాట ఏటా వందలమంది కొత్త ఎస్సైల చేతుల్లో పడుతుంది. కానీ దర్యాప్తు చేసే చెయ్యి మొద్దుబారుతుంది. కేసుల మధ్య ఉంటేనే ఊపిరి ఆడే మనిషైతే ఆరో నెలకే విసుగొస్తుంది. మీరు ఏ రకం మనిషో మీ ఉత్తరంలో నాకు తేలలేదు. ఒక పరీక్ష ఉంది. మీ స్టేషన్లో కానిస్టేబుళ్లకు ఈ ఏడాది మీరు ఎన్నిసార్లు ఒక సెక్షన్ విప్పి చెప్పారు? ఎవరూ అడగకపోయినా చెప్పి ఉంటే మీరు అక్కడ బాగుంటారు. ఒక్కసారీ చెప్పకపోతే సైబర్ వైపు చూడండి. అనుమానంగా ఉంటే ముందు జిల్లా శిక్షణ కేంద్రంలో అతిథిగా నాలుగు క్లాసులు చెప్పి చూడండి. దానికి బదిలీ అక్కర్లేదు.

మూడోది, స్టేషన్లోనే ఉండి నేర్చుకోవడం. ప్రమోషన్ దగ్గర పడిందన్న మాట వాస్తవం, నాన్న ఒంటరితనం వాస్తవం. వీటి కోసం ఆగిపోతే అది పిరికితనం కాదు. రామంతాపూర్‌లో కేంద్ర డిటెక్టివ్ శిక్షణ సంస్థ ఉంది. రాష్ట్రాల దర్యాప్తు అధికారులకు అక్కడ వారం, రెండు వారాల కోర్సులు నడుస్తాయి. పేర్లు జిల్లా నుంచే పోతాయి. అడిగినవాళ్ల పేరే పోతుంది కాబట్టి అడగండి. కేంద్ర హోం శాఖ సైబర్ విభాగం నడిపే సైట్రెయిన్‌లో పోలీసులకు ఆన్‌లైన్ కోర్సులు ఉచితం. ఇందులో నష్టం ఏమిటంటే, స్టేషన్ మిమ్మల్ని చదవనివ్వదు. గణేష్ నిమజ్జనం, జాతర, వీఐపీ రాక, ఎన్నికలు. ఒక పాఠం తెరిచిన రాత్రే హైవే మీద యాక్సిడెంట్ అవుతుంది. ఈ దారి ఎంచుకుంటే వారంలో రెండు గంటలు జీడీలో (స్టేషన్ రోజువారీ డైరీలో) రాసినంత గట్టిగా పెట్టుకోవాలి. లేకపోతే రెండేళ్ల తర్వాత కూడా ఇదే ఉత్తరం రాస్తారు.

ఐక్యరాజ్యసమితి శాంతి దళం గురించి కూడా ఒక లైను రాశారు. మంచి కోరికే. ఇంగ్లీషు, డ్రైవింగ్, షూటింగ్ పరీక్షలు నెగ్గాలి. ఇంగ్లీషులో మాట్లాడే అలవాటు ఇప్పటి నుంచే చేసుకోండి, మిగతాది ఇల్లు కుదుటపడ్డాక చూద్దాం. సీబీఐ, ఎన్‌ఐఏ డిప్యుటేషన్లు సీఐ అయ్యాక ఆలోచించినా ఆలస్యం కాదు.

ఏ దారికైనా ముందు చూసుకోవాల్సినవి రెండు. మీ ఏసీఆర్‌లు, అంటే పై అధికారి ఏటా మీ పని మీద రాసే నివేదికలు, అన్నీ రాసి పూర్తయ్యాయా, పెండింగ్‌లో చార్జ్ మెమో (క్రమశిక్షణ నోటీసు) ఏమైనా ఉందా అన్నది జిల్లా ఆఫీసు సెక్షన్‌లో కనుక్కోండి. చాలామంది దరఖాస్తులు అక్కడే ఆగిపోయి, "మనకు రికమెండేషన్ లేదు" అని బాధపడతారు. రెండోది ప్యానెల్ భయం. డిప్యుటేషన్ మీద పోయినంత మాత్రాన సీనియారిటీ పోదు. లియన్, అంటే అసలు పోస్టు మీద హక్కు, మాతృశాఖలోనే ఉంటుంది. కానీ దూరంగా ఉన్నవాడి ఫైలు తనంతట తాను నడవదు. ఏటా ఏసీఆర్ సమయానికి చేరిందా లేదా అని మీరే వెంటపడాలి. ఇంకో మాట, సీఐ గారి ద్వారా కబురు పంపకండి. సిబ్బంది మొరలు ఎస్పీ గారు నేరుగా వినే ఆర్డర్లీ రూమ్ రోజున ఆయన ముందు నిలబడి, ఎందుకు అడుగుతున్నారో మీ నోటితో చెప్పండి. తండా పెద్దాయన సంగతి కూడా చెప్పండి. తన స్టేషన్లో జరిగిన తప్పును దాచకుండా చెప్పి, దానికోసం నేర్చుకుంటానని అడిగే ఎస్సైలు ఆ గదిలోకి ఎక్కువమంది రారు. "స్టేషన్ ఖాళీ అవుతుంది, కుదరదు" అని ఎస్పీ గారు అనొచ్చు. ఆ మాట వినడానికి సిద్ధపడి వెళ్లండి.

ఇప్పుడు మీరు ఒక్క లైనుతో దాటేసిన సంగతికి వస్తాను. నిజం చెప్పాలంటే నాకు కోపం వచ్చింది. మీ పై అధికారి "నువ్వు పోతే మండలం ఎవరు చూస్తారు" అంటే మీకు ఊపిరి ఆడలేదు. అదే మాట జాతరకు ముందు మీరు ఆ అమ్మాయితో అన్నారు. మీకు నాలుగు పేజీలు రాసే చోటు దొరికింది, ఆమెకు దొరకలేదు. ఆమెను ఆ ఆరు రోజులు పంపి ఉంటే, జాతర రోజు స్టేషన్లో ఆమె ఒక్కతే ఉన్నా ఆ పెద్దాయనను ఎల్లుండి రమ్మనేది కాదు. బందోబస్తులో ఒక మనిషి తగ్గితే ఏమవుతుంది? ఒక తాడు దగ్గర హోంగార్డు నిలబడతాడు. నేర్చుకున్న మనిషి లేకపోతే ఏమవుతుందో మీరు చూశారు. మన పల్లె స్టేషన్లలో ఇప్పుడు బీటెక్‌లు, ఎంఎస్సీలు చదివిన కానిస్టేబుళ్లు ఉన్నారు. వాళ్లతో టీ తెప్పించుకుని, రిసెప్షన్ రిజిస్టరు రాయిస్తున్నాం. నేనూ అదే చేశాను, కాబట్టి మీమీద రాయి వేయను. కానీ మీకు దిద్దుకునే సమయం ఉంది, నాకు లేదు.

మీరు ఉండినా, పోయినా ఆమె పేరు సైబర్ శిక్షణకు పంపండి. శిక్షణలో ఉన్న రోజుల్లో ఆమె డ్యూటీ ఎవరు చూస్తారో కూడా ఆ లెటర్లోనే రాసి పంపండి, లేకపోతే పైన ఎవరో "మనుషులు లేరు" అని తిప్పి పంపుతారు. మీరు స్టేషన్లోనే ఉండే దారి ఎంచుకుంటే, నేర్చుకుని వచ్చాక ఒక కంప్యూటరు, ఒక ఫోను ఇచ్చి సైబర్ ఫిర్యాదులు ఆమెకే అప్పగించండి. రిసెప్షన్లో గోడ మీద 1930 పెద్ద అక్షరాల్లో రాయించండి. "సార్ లేరు" అన్న మాట ఆ ఫిర్యాదులకు చెప్పకూడదని స్టేషన్ మొత్తానికి చెప్పండి. మీరు హైదరాబాద్ పోతే, మీ తర్వాత వచ్చే ఎస్సైకి చార్జ్ ఇచ్చేటప్పుడు తుపాకులు, ప్రాపర్టీ లెక్కలతో పాటు ఆ అమ్మాయి సంగతి కూడా చెప్పి పోండి.

మీ నాన్న మాటకు జవాబు మీరే చెప్పాలి, కానీ ఒకటి అడగాలనిపిస్తోంది. ఆయన నమస్తేల గురించి మాట్లాడుతున్నాడా, లేక దేవరకొండ దాటి ఇంకా దూరం పోతున్న కొడుకు గురించి మాట్లాడుతున్నాడా? పెద్దవాళ్లు రెండోది సూటిగా అనరు. ఒక పూట పోయి ఆయనతో అన్నం తినండి, యూనిఫాం లేకుండా.

తండా పెద్దాయన కేసు ఇంకా మీ దగ్గరే ఉందనుకుంటున్నాను. మూడో రోజు రిపోర్టు చేసినా కొంత డబ్బు ఏదో ఒక ఖాతాలో ఆగి ఉండొచ్చు. సైబర్ ఫిర్యాదుల పోర్టల్‌లో హోల్డ్ మొత్తం, అంటే బ్యాంకులు ఆపి ఉంచిన డబ్బు, ఎంత ఉందో చూడండి. ఉంటే పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 503వ సెక్షన్ కింద కోర్టులో అర్జీ వేయించి, లోక్ అదాలత్ ద్వారా ఆయనకు ఇప్పించవచ్చు. మన రాష్ట్రంలో అలా చాలామందికి డబ్బు తిరిగి వచ్చింది. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు చెప్పాలని కొత్త చట్టం అంటోంది. మీరు రాసిన తేదీ లెక్క వేస్తే ఆ గడువు మీ దరఖాస్తు గడువుకు ఇంకా నాలుగైదు రోజులు ముందే ఉంది. ఆయనను స్టేషన్‌కు పిలిపించకండి. ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని మీరే తండాకు పోయి చెప్పి రండి. దరఖాస్తు పెట్టాలో వద్దో తిరుగు దారిలో మీకు తెలుస్తుందని నా నమ్మకం. ఏది తేల్చుకున్నా నాకు ఇంకో ఉత్తరం రాయండి.